ఈవెంట్లతో నడిచే డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్లను ఎలా సంబాళించాలి

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాలకూ, విజయవాడ వన్‌టౌన్‌లోని హోల్‌సేల్ కొట్లకూ బిల్లింగ్ ప్రోగ్రాంలు రాసి పెట్టేవారిలో నాకు తెలిసినవారు దాదాపుగా అందరూ సీ షార్ప్‌లో, విన్‌ఫామ్స్ (విండోస్ తెరలు, బటన్లు తయారుచేసుకునే మైక్రోసాఫ్ట్ సరంజామా) మీదే రాస్తారు. అది పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది, కాటాకూ ప్రింటరుకూ తేలిగ్గా కలుస్తుంది, నెట్ పోయినా ఆగదు. అందువల్ల ఈ వ్యాసంలో విన్‌ఫామ్స్‌నే ప్రధానంగా తీసుకుంటున్నాను; జావా, పైథాన్, క్యూటీ వాడేవారికి కావలసిన తేడాలను చివరికి ముందు భాగంలో క్లుప్తంగా ఇచ్చాను. మీకు ట్రై-క్యాచ్ రాయడం వచ్చునని, థ్రెడ్ అంటే ఏమిటో తెలుసునని అనుకుని రాస్తున్నాను.

మీ ఫంక్షన్‌ను పిలిచేది ఎవరు?

మామూలు ప్రోగ్రాంలో ఎక్సెప్షన్ పైకి వెళ్లే దారి మొత్తం మీ కోడ్‌లోనే ఉంటుంది. ఒక ఫంక్షన్‌ను ఇంకొకటి పిలుస్తుంది, దాన్ని మెయిన్ పిలుస్తుంది, కాబట్టి మెయిన్‌లో ఒక్క ట్రై-క్యాచ్ పెడితే ఎక్కడ దెబ్బతిన్నా చివరికి అక్కడికే వచ్చి చేరుతుంది. ఈవెంట్లతో నడిచే ప్రోగ్రాంలో ఈ దారి మధ్యలోనే తెగి ఉంటుంది. మెయిన్ చేసే పనల్లా అప్లికేషన్ క్లాసులోని రన్‌ను పిలిచి కూర్చోవడమే. ఆ రన్ లోపల ఒక లూప్ తిరుగుతూ, విండోస్ పంపే మెసేజ్‌లను క్యూలోంచి ఒక్కొక్కటిగా తీసి, ఏ విండోకు చెందినదాన్ని ఆ విండోకు అందిస్తూ ఉంటుంది. సేవ్ బటన్ మీద క్లిక్ పడినప్పుడు మీరు రాసిన ఫంక్షన్‌ను పిలిచేది మీ కోడ్ కాదు, ఆ లూపే. అందులో లేచిన ఎక్సెప్షన్‌ను మీరు పట్టుకోకపోతే అది మెయిన్ దాకా రాదు. మెసేజ్ అందించే చోటనే విన్‌ఫామ్స్ దాన్ని పట్టుకుని థ్రెడ్‌ఎక్సెప్షన్ అనే ఈవెంటుకు అప్పగిస్తుంది. ఆ ఈవెంటుకు మీరు హ్యాండ్లర్ తగిలించకపోతే, కంటిన్యూ, క్విట్ అనే బటన్లున్న ఒక పెట్టె తెరమీదికి వస్తుంది.

ఇక్కడ కొత్తవారిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. విజువల్ స్టూడియోలో డీబగ్గర్ కింద నడిపినప్పుడు విన్‌ఫామ్స్ తనంతట తాను ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకోదు, పైకి వదిలేస్తుంది. అప్పుడది రన్ చుట్టూ మీరు పెట్టిన ట్రై-క్యాచ్‌లోకే వస్తుంది. మీ బల్ల మీద అంతా సవ్యంగా పట్టుబడినట్టు కనిపించి, దుకాణంలో మాత్రం ఆ పెట్టె ఊడిపడడానికి కారణం ఇదే. పరీక్ష ఎలా చేయాలో చెప్పేటప్పుడు దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదటి పని: ద్వారాలన్నీ కాగితం మీద రాసుకోండి

హ్యాండ్లర్లు తగిలించడానికి ముందు, మీ కోడ్ ఏయే చోట్ల బయటివారి పిలుపుతో మొదలవుతుందో ఒక జాబితా రాసుకోండి. ఒక్కో ద్వారం పక్కన అది ఏ థ్రెడ్ మీద నడుస్తుందో, అందులో ఎక్సెప్షన్ లేస్తే ఎక్కడికి పోతుందో కూడా రాయాలి. అరగంట పనే గాని, ఈ కాగితం లేకుండా మిగిలిన పనులన్నీ చీకట్లో రాళ్లు వేసినట్టే అవుతాయి.

బటన్లు, మెనూలు, టెక్స్ట్‌బాక్సులు అన్నీ తెరను నడిపే థ్రెడ్ మీదే ఉంటాయి కనుక వాటి సంగతి తేలిక. అవన్నీ థ్రెడ్‌ఎక్సెప్షన్‌కు చేరుతాయి. చిక్కు టైమర్లతో మొదలవుతుంది. సీ షార్ప్ ప్రోగ్రాంలు నడిచే వేదికైన డాట్‌నెట్‌లో టైమర్ అనే పేరుతో కనీసం మూడు ఉన్నాయి, మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. విన్‌ఫామ్స్ టైమర్ తెర థ్రెడ్ మీదే మోగుతుంది, కాబట్టి దాని ఎక్సెప్షన్ కూడా థ్రెడ్‌ఎక్సెప్షన్‌కే వస్తుంది. సిస్టమ్ థ్రెడింగ్ కిందనున్న టైమర్ థ్రెడ్‌పూల్ (వెనకాల పనులకు సిద్ధంగా ఉండే థ్రెడ్ల గుంపు) మీద మోగుతుంది, అందులో లేచిన ఎక్సెప్షన్‌ను మీరు పట్టుకోకపోతే ప్రోగ్రాం అక్కడికక్కడే పడిపోతుంది. సిస్టమ్ టైమర్స్ కిందనున్న టైమర్ అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే తన ఎలాప్స్‌డ్ ఈవెంటులో లేచిన ఎక్సెప్షన్‌ను అది చప్పుడు చేయకుండా మింగేస్తుంది. గంటకోసారి బ్యాకప్ తీసే కోడ్‌ను దాని కింద పెట్టి, డిస్కు నిండిపోయిన సంగతి నెల తరువాత తెలుసుకున్నవారున్నారు. వారిలో నేనూ ఒకడిని. ఇప్పుడు ఆ టైమర్‌ను వాడవలసి వస్తే లోపల మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ట్రై-క్యాచ్ పెట్టి, క్యాచ్‌లో లాగ్ రాస్తున్నాను.

తరువాత, వెనకాల థ్రెడ్ మీద పని చేయించే బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్. దీని డూవర్క్‌లో లేచిన ఎక్సెప్షన్ ఎక్కడికీ పారిపోదు, పని ముగిశాక వచ్చే ఈవెంటులోని ఎర్రర్ అనే ప్రాపర్టీలో కూర్చుంటుంది. మీరు దాన్ని చూడకపోతే అక్కడితో సరి. వెనకాల నడిచే పనికి ప్రతినిధి అయిన టాస్క్‌ది కూడా ఇంచుమించు ఇదే స్వభావం: ఎవరైనా అవెయిట్ చేసేదాకా, అంటే దాని ఫలితం అడిగేదాకా, ఎక్సెప్షన్ టాస్క్‌లోనే ఉండిపోతుంది. ఎవరూ అడగకుండానే ఆ టాస్క్ చెత్తబుట్టకు పోయేటప్పుడు అన్‌అబ్జర్వ్‌డ్‌టాస్క్‌ఎక్సెప్షన్ అనే ఈవెంటు మోగుతుంది. 2010లో వచ్చిన డాట్‌నెట్ 4లో అప్పుడు ప్రోగ్రాం కూలిపోయేది. 2012 నాటి 4.5 నుంచి డిఫాల్ట్‌గా ఏమీ కాదు, కాబట్టి ఆ ఈవెంటుకు మీరు చెవి ఒగ్గకపోతే మీకు తెలిసే దారే లేదు. అసింక్ వాయిడ్ ఫంక్షన్ సంగతి వేరు: దాన్ని పిలిచినవారికి అవెయిట్ చేయడానికి టాస్కే దొరకదు కనుక, తెర థ్రెడ్ మీద మొదలైన పక్షంలో ఎక్సెప్షన్ మళ్లీ ఆ థ్రెడ్ మీదికే విసరబడుతుంది. అందుకే అసింక్ వాయిడ్‌ను ఈవెంటు హ్యాండ్లర్లకు తప్ప ఇంక దేనికీ వాడవద్దు. సాధారణ ఫంక్షన్లు టాస్క్‌ను తిరిగి ఇవ్వాలి.

యార్డు పనికి అన్నిటికన్నా ముఖ్యమైన ద్వారం కాటా. ఎలక్ట్రానిక్ కాటాలు చాలావరకు సీరియల్ తీగ మీద బరువును అక్షరాలుగా పంపుతాయి. మీరు సీరియల్‌పోర్ట్ క్లాసులోని డేటారిసీవ్డ్ ఈవెంటులో దాన్ని చదువుతారు. ఈ ఈవెంటు తెర థ్రెడ్ మీద రాదు. ఫామ్ మీద లాగి పెట్టిన కంపోనెంటే కదా, ఫామ్ థ్రెడ్ మీదే మోగుతుందిలే అనుకోవడం సహజం, అది పొరపాటు. ఇక్కడ లేచిన ఎక్సెప్షన్ థ్రెడ్‌ఎక్సెప్షన్‌ను తాకకుండా నేరుగా ప్రోగ్రాంను పడేస్తుంది.

కాటా దగ్గర ఇంకొంచెం సేపు ఆగుదాం. కాటా 42.350 అని పంపి, ఆపైన వరుస ముగింపు గుర్తు పంపుతుందనుకోండి. డేటారిసీవ్డ్ వరుసకొకసారి మోగుతుందన్న హామీ లేదు, ఒకసారి 42.3 అనే ముక్క, తరువాత 50 అనే ముక్క చేతికి రావచ్చు. ఒక్కోసారి వట్టి ముగింపు గుర్తు మాత్రమే వస్తుంది, దాన్ని సంఖ్యగా మార్చబోతే ఫార్మాట్‌ఎక్సెప్షన్ లేచి ప్రోగ్రాం పడుతుంది. చాలామంది దీనికి విరుగుడుగా ఖాళీ క్యాచ్ ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటారు. కాని నిజమైన నష్టం ఎక్సెప్షన్ లేవనప్పుడే ఉంది: 50 అన్న ముక్క చక్కగా సంఖ్యగా మారి, 42 కిలోల టిక్కీని (మిర్చి బస్తాను) 50 కిలోల టిక్కీగా బిల్లులోకి ఎక్కిస్తుంది. కాబట్టి వచ్చిన ముక్కలన్నిటినీ ఒక బఫర్‌లో కూడబెట్టి, ముగింపు గుర్తు కనిపించాకే వరుసను తీసి, అంకెల సంఖ్య, దశాంశ బిందువు స్థానం సరిచూసి, తేడా ఉంటే ఆ వరుసను పారేసి లాగ్‌లో రాయండి. ఎక్సెప్షన్‌ను అణచడం కన్నా, అది రావలసిన చోట వచ్చేలా చూడడం మేలు.

రెండో పని: మెయిన్‌లో హ్యాండ్లర్లను వరుస తప్పకుండా తగిలించండి

మెయిన్‌లో మొట్టమొదటి వరుసగా సెట్‌అన్‌హ్యాండిల్డ్‌ఎక్సెప్షన్‌మోడ్‌ను పిలిచి, క్యాచ్‌ఎక్సెప్షన్ అనే విలువను ఇవ్వండి. ఇది ఏ ఫామ్‌గాని, కంట్రోల్‌గాని పుట్టకముందే జరగాలి. ఆలస్యమైతే ఆ పిలుపే ఇన్‌వాలిడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ విసురుతుంది. ఇలా స్పష్టంగా చెప్పినందువల్ల డీబగ్గర్ కింద ఒక రకంగా, బయట ఇంకొక రకంగా నడిచే గొడవ కూడా తీరుతుంది. దాని వెంటనే మూడు హ్యాండ్లర్లు తగిలించాలి: అప్లికేషన్‌లోని థ్రెడ్‌ఎక్సెప్షన్‌కు ఒకటి, ప్రస్తుత యాప్‌డొమైన్‌లోని (మీ ప్రోగ్రాం కోడ్ నడిచే ఆవరణ) అన్‌హ్యాండిల్డ్‌ఎక్సెప్షన్‌కు ఒకటి, టాస్క్‌షెడ్యూలర్‌లోని అన్‌అబ్జర్వ్‌డ్‌టాస్క్‌ఎక్సెప్షన్‌కు ఒకటి. ఆ తరువాతే మిగిలిన కోడ్.

మెయిన్ ఉన్న క్లాసులో స్టాటిక్ ఫీల్డులు పెట్టకండి. డేటాబేస్ కనెక్షన్‌నో సెట్టింగుల ఫైలునో ఒక స్టాటిక్ ఫీల్డులో అక్కడే తెరిస్తే, అది విఫలమైనప్పుడు మెయిన్ మొదటి వరుస కూడా నడవకముందే ప్రోగ్రాం పోవచ్చు. అలా పోతే మీ మూడు హ్యాండ్లర్లూ పుట్టనే పుట్టవు. హ్యాండ్లర్లు తగిలించడం పూర్తయ్యాక వేరే క్లాసులోని ఒక ఫంక్షన్‌ను పిలిచి, అసలు పనంతా అక్కడ మొదలుపెట్టండి.

ఈ మూడు హ్యాండ్లర్లకూ ఉన్న అధికారాలు ఒకటి కావు. థ్రెడ్‌ఎక్సెప్షన్ హ్యాండ్లర్ తిరిగి వచ్చాక లూప్ మళ్లీ తిరుగుతుంది, ప్రోగ్రాం బతికే ఉంటుంది. యాప్‌డొమైన్ హ్యాండ్లర్‌కు అలాంటి అధికారం లేదు. 2005లో వచ్చిన డాట్‌నెట్ 2 నుంచి అది వార్త చెప్పే ఈవెంటే తప్ప ఆపే ఈవెంటు కాదు. హ్యాండ్లర్ ముగిసిన మరుక్షణం ప్రోగ్రాం ముగుస్తుంది. మరణవాంగ్మూలం రాసుకోవడానికి ఇచ్చిన వ్యవధి అనుకోండి.

మూడో పని: హ్యాండ్లర్ లోపల ఏం రాయాలి

అన్నిటికన్నా ముందు ఫైలులో రాయండి. సందేశపు పెట్టె చూపడం, ఈమెయిలు పంపడం, డేటాబేస్‌లో ఎర్రర్ టేబుల్ నింపడం లాంటివి ఏవైనా ఆ తరువాతే. డేటాబేస్ పోయినందువల్లే ఎక్సెప్షన్ లేచి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ వార్తను అదే డేటాబేస్‌లో రాయబోవడం మునిగిపోయేవాడి చేయి పట్టుకుని ఈదబోవడమే. లాగ్ ఫైలును ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డరులో పెట్టకండి, మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు ఉండదు. లోకల్ యాప్ డేటాలో మీ ప్రోగ్రాం పేరుతో ఒక ఫోల్డరు చేసి, రోజుకొక ఫైలు రాయండి.

ఎక్సెప్షన్‌లోని మెసేజ్‌ను మాత్రమే రాస్తే ప్రయోజనం ఉండదు. దాన్ని టూస్ట్రింగ్ చేసి మొత్తం రాయాలి. అప్పుడే స్టాక్ ట్రేస్, లోపల దాగిన ఇన్నర్ ఎక్సెప్షన్లు అన్నీ వస్తాయి. దానితోబాటు తేదీ, సమయం, ప్రోగ్రాం వెర్షన్, తెరిచి ఉన్న ఫామ్ పేరు, చివరిగా నొక్కిన ఐదారు బటన్ల పేర్లు రాస్తే సగం దర్యాప్తు అక్కడే అయిపోతుంది. చివరిగా నొక్కిన బటన్ల జాబితాను నేను ఒక చిన్న వలయాకారపు అర్రేలో ఉంచుకుంటాను. ఏ ఇతర వివరం కన్నా అదే నాకు ఎక్కువసార్లు అక్కరకు వచ్చింది. రైతుల బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు మాత్రం లాగ్‌లోకి రాకుండా చూసుకోండి, ఎందుకంటే ఆ ఫైలు రేపు వాట్సాప్‌లో మీకే పంపుతారు.

హ్యాండ్లర్ మొత్తాన్ని దాని సొంత ట్రై-క్యాచ్‌లో పెట్టండి. ఆ క్యాచ్ ఒక్కటి ఖాళీగా ఉన్నా నేను తప్పు పట్టను.

పెట్టె చూపే విషయంలో ఒక ఉచ్చు ఉంది. మెసేజ్‌బాక్స్ తెరిచి ఉన్నంతసేపూ లోపల మెసేజ్ లూప్ తిరుగుతూనే ఉంటుంది, విన్‌ఫామ్స్ టైమర్ మోగుతూనే ఉంటుంది. ప్రతి సెకనుకు మోగే టైమర్‌లోనే లోపం ఉండి, దాని లోపలి క్యాచ్‌లో మీరే పెట్టె చూపుతుంటే, మొదటి పెట్టెకు సరే అనకముందే రెండోది, దాని మీద మూడోది వచ్చి పడతాయి. విజయవాడలో ఒక కొట్టులో మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చేసరికి తెరనిండా పేకముక్కల్లా పరచుకున్న పెట్టెలను చూసి, వైరస్ వచ్చిందని నాకు ఫోన్ చేశారు. అందువల్ల ఒక స్టాటిక్ పూర్ణాంకాన్ని జెండాగా పెట్టుకుని, ఇంటర్‌లాక్డ్ (రెండు థ్రెడ్లు ఒకేసారి మార్చకుండా చూసే క్లాసు) ద్వారా దాన్ని ఒకటికి మార్చగలిగిన మొదటి పిలుపే పెట్టె చూపాలి, మిగిలినవి లాగ్ రాసి ఊరుకోవాలి.

యాప్‌డొమైన్ హ్యాండ్లర్‌లోనైతే పెట్టె అసలు చూపకండి. అక్కడ ఆగి ఉన్నది వెనకాల థ్రెడ్ మాత్రమే. మీ పెట్టె తెర మీద ఉండగా తెర థ్రెడ్ మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది, గుమస్తా పక్కనే ఉన్న సేవ్‌ను నొక్కగలడు. చావబోయే ప్రోగ్రాం చేత బిల్లు రాయించుకున్నట్టవుతుంది. లాగ్ రాసి పోనివ్వండి. ప్రోగ్రాం సవ్యంగా మూసినప్పుడల్లా ఒక గుర్తు ఫైలు రాసేలా చేసి, మళ్లీ తెరిచినప్పుడు ఆ గుర్తు లేకపోతే, ఇందాక మధ్యలో ఆగిపోయిందన్న సమాచారాన్ని అప్పుడు చూపండి.

పెయింట్ ఈవెంటులో ఎక్సెప్షన్ లేస్తే ఆ కంట్రోల్ స్థానంలో తెల్లటి నేల మీద ఎర్రటి ఇంటూ గుర్తు కనబడి, ఆపైన ఆ కంట్రోల్ మామూలుగా గీయబడదు. ఫోన్‌లో ఎవరైనా ఎర్ర ఇంటూ అని చెబితే మీరు వెతకవలసిన చోటు అదే.

నాలుగో పని: కొనసాగాలా, ఆగాలా తేల్చుకోండి

రెండు సీజన్ల కిందట, మార్చిలో, యార్డులోని ఒక కమీషన్ దుకాణంలో తేజ రకం మిర్చి లాటు ఒకటి తూకం వేస్తున్నారు. నా ప్రోగ్రాంలో యాడ్ బటన్ కింద మూడు వరుసలు ఉండేవి: మొదటిది టిక్కీ బరువును జాబితాకు చేరుస్తుంది, రెండోది ధర గడిలోని అక్షరాలను ఇంట్.పార్స్‌తో సంఖ్యగా మారుస్తుంది, మూడోది మొత్తాన్ని మళ్లీ లెక్కిస్తుంది. గుమస్తా ఆ రోజు క్వింటా ధరను 18,500 అని కామాతో కొట్టాడు. ఇంట్.పార్స్ కామాను ఒప్పుకోదు, కనుక రెండో వరుసలో ఫార్మాట్‌ఎక్సెప్షన్ లేచింది. కంటిన్యూ, క్విట్ పెట్టె వచ్చింది. అతడు కంటిన్యూ నొక్కి, కామా తీసి, యాడ్ మళ్లీ నొక్కాడు. టిక్కీ అప్పటికే ఒకసారి జాబితాలోకి చేరి ఉంది కదా. రెండోసారి కూడా చేరింది. యార్డులో 31 టిక్కీలుంటే బిల్లులో 32 పడ్డాయి. లారీకి ఎత్తేటప్పుడు కొనుగోలుదారు మనిషి లెక్కపెట్టబట్టి బయటపడింది గాని, లేకపోతే 42 కిలోల లేని మిర్చికి డబ్బు చెల్లించి ఉండేవారు. నేను వెళ్లి అడిగితే గుమస్తా అన్నమాట: "సార్, కంటిన్యూ అని మీ ప్రోగ్రామే అడిగింది గదా, అందుకే నొక్కా."

అతడి మాటలో తప్పు లేదు. కొనసాగించవచ్చో లేదో తేల్చవలసినది ప్రోగ్రాం రాసినవాడు. ఆ నిర్ణయాన్ని తూకం వేసేవాడి మీదికి నెట్టకూడదు. అందుకని ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. ప్రింటరులో కాగితం లేకపోవడం, కాటా తీగ ఊడడం, పక్క కంప్యూటరులోని ఫోల్డరు అందకపోవడం, ధర గడిలో సంఖ్య కానిది కొట్టడం లాంటివి జరుగుతాయని ముందే తెలిసినవి. వీటిని ఎక్కడ జరుగుతాయో అక్కడే, ఆ రకం ఎక్సెప్షన్‌ను పేరు పెట్టి పట్టుకుని, ఏం చేయాలో యూజర్‌కు చెప్పి కొనసాగించాలి. ధర గడి లాంటిదానికైతే, సంఖ్యగా మారకపోతే ఎక్సెప్షన్ విసరకుండా ఫాల్స్ అని చెప్పే ట్రైపార్స్ వాడితే ఎక్సెప్షన్ అవసరమే లేదు. ఇక అన్నిటినీ దాటుకుని చివరి హ్యాండ్లర్ దాకా వచ్చిందంటే, అది నేను ఊహించనిది అని అర్థం. ఊహించనిది జరిగాక మెమరీలోని లెక్కలు ఏ స్థితిలో ఉన్నాయో నాకు తెలియదు. తెలియని లెక్కలతో బిల్లు రాయకూడదు కాబట్టి ప్రోగ్రాంను మూసి మళ్లీ తెరుస్తాను.

మూయడానికి ఎన్విరాన్‌మెంట్ క్లాసులోని ఎగ్జిట్ వాడండి. అప్లికేషన్.ఎగ్జిట్ ప్రతి ఫామ్‌కూ ఫామ్‌క్లోజింగ్ ఈవెంటు పంపుతుంది, ఏదో ఒక ఫామ్ వద్దంటే మూత ఆగిపోతుంది. పైగా ఆ ఈవెంట్లలో సేవ్ చేయమంటారా అని అడిగే కోడ్ ఉంటే, చెడిన లెక్కలనే భద్రపరచమని అడిగినట్టవుతుంది.

ఇలా మూయాలంటే యూజర్ పని పోకూడదు. చివరి హ్యాండ్లర్‌లో సేవ్ చేద్దామని ఆలోచించకండి, అప్పటికి ఆలస్యం అయిపోయింది. ప్రతి టిక్కీ తూగిన వెంటనే ఒక ట్రాన్సాక్షన్‌లో స్థానిక డేటాబేస్‌లోకి రాయండి. ఎస్‌క్యూలైట్ దీనికి పూర్తిగా సరిపోతుంది. అప్పుడు మళ్లీ తెరిచిన ప్రోగ్రాం ఆ లాటును ఆగిన చోటి నుంచే చూపగలదు. కరెంటు పోయినప్పుడూ ఇదే కాపాడుతుంది, కరెంటు పోవడానికి మాత్రం ఏ హ్యాండ్లర్ అడ్డుపడుతుంది?

యాడ్ బటన్‌ను కూడా తిరగరాయాలి. విఫలం కాగలిగిన పనులన్నీ ముందు: ధరను సంఖ్యగా మార్చడం, బరువు సరిచూడడం, డేటాబేస్‌లో రాయడం. ఇవన్నీ నెగ్గాకే జాబితాను, మొత్తాన్ని మార్చాలి. మధ్యలో ఎక్కడ ఎక్సెప్షన్ లేచినా తెర మీది లెక్క పాత స్థితిలోనే ఉంటుంది. ఇంత చిన్న మార్పుకు ఏ హ్యాండ్లరూ సాటిరాదు.

పెట్టెలో ఏం రాయాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ అన్న మాట గుమస్తాకు ఎందుకూ పనికిరాదు. నా ప్రోగ్రాం ఇప్పుడు ఇలా చెబుతుంది: "అనుకోని లోపం వచ్చింది. ఇప్పటివరకు తూగిన 30 టిక్కీలు భద్రంగా ఉన్నాయి. సరే నొక్కితే ప్రోగ్రాం మూసి మళ్లీ తెరుచుకుంటుంది. లోపం సంఖ్య 4172." ఆ నాలుగంకెల సంఖ్యనే లాగ్‌లోనూ రాస్తాను. హమాలీల కేకలు, లారీల హారన్ల మధ్య ఫోన్‌లో స్టాక్ ట్రేస్ చదివించుకోలేం, నాలుగంకెలు చదివించుకోగలం. టిక్కీల సంఖ్యను మాత్రం మెమరీలోని జాబితా నుంచి కాక డేటాబేస్ నుంచి తీసుకోవాలి. అది అందకపోతే ఆ వాక్యాన్నే వదిలేయాలి.

వేరే పరికరాలు వాడేవారికి

డబ్ల్యూపీఎఫ్‌లో (తెరలు తయారుచేసుకునే మైక్రోసాఫ్ట్ వారి మరో సరంజామా) థ్రెడ్‌ఎక్సెప్షన్ స్థానంలో డిస్పాచర్‌అన్‌హ్యాండిల్డ్‌ఎక్సెప్షన్ ఉంటుంది; అందులో హ్యాండిల్డ్‌ను ట్రూ చేయకపోతే ప్రోగ్రాం మూసుకుంటుంది. మిగిలిన రెండు హ్యాండ్లర్లు యథాతథం.

జావాలో తెరలు తయారుచేసే స్వింగ్‌లో 2004 నాటి జావా 5 నుంచి థ్రెడ్ క్లాసులో సెట్‌డిఫాల్ట్‌అన్‌కాట్‌ఎక్సెప్షన్‌హ్యాండ్లర్ ఉంది. అది పెట్టకపోతే ఎక్సెప్షన్ కన్సోలు మీద అచ్చవుతుంది, ఈవెంట్లు మాత్రం నడుస్తూనే ఉంటాయి. కన్సోలు తెరవకుండా జావా ప్రోగ్రాంను నడిపే జావాడబ్ల్యూతో నడిపితే కన్సోలే ఉండదు కనుక ఎవరికీ ఏమీ తెలియదు. స్వింగ్‌వర్కర్‌లో లేచినది గెట్ పిలిచేదాకా బయటికి రాదు, కాబట్టి డన్ లోపల గెట్‌ను తప్పక పిలవండి.

పైథాన్ టికింటర్‌లో రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్ అనే మెథడ్‌ను మీ ఫంక్షన్‌తో మార్చుకోవాలి, సిస్.ఎక్సెప్ట్‌హుక్ ఒక్కటి మారిస్తే బటన్ల కింది ఎక్సెప్షన్లు దానికి చేరవు. వెనకాల థ్రెడ్లకు 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి థ్రెడింగ్.ఎక్సెప్ట్‌హుక్ ఉంది. పైక్యూటీలో 5.5 వెర్షన్ నుంచి, సిస్.ఎక్సెప్ట్‌హుక్‌ను మీరు మార్చి ఉండకపోతే, పట్టుబడని ఎక్సెప్షన్ ప్రోగ్రాంనే పడేస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో క్యూటీ వాడేవారు ఈవెంటు హ్యాండ్లర్ నుంచి ఎక్సెప్షన్‌ను బయటికి పోనివ్వనే కూడదు, క్యూటీ దాన్ని సమర్థించదు. మరీ అవసరమైతే క్యూఅప్లికేషన్‌లోని నోటిఫైని తిరగరాసి అక్కడ పట్టుకోవాలి.

చివరి పని: కావాలని పడగొట్టి చూడండి

మీ ప్రోగ్రాంలో ఎవరికీ కనబడని ఒక మెనూ పెట్టండి. మూడు మీటలు కలిపి నొక్కితే తెరుచుకునేలా ఉంటే చాలు. అందులో నాలుగు బటన్లు: ఒకటి తెర థ్రెడ్ మీద ఎక్సెప్షన్ విసరాలి, ఒకటి థ్రెడ్‌పూల్ మీద, ఒకటి ఎవరూ అవెయిట్ చేయని టాస్క్‌లో, ఒకటి అర సెకనుకొకసారి మోగే విన్‌ఫామ్స్ టైమర్‌లో. టాస్క్ బటన్ నొక్కాక వెంటనే ఏమీ జరగదు, చెత్త ఏరివేత జరిగితేగాని ఆ ఈవెంటు మోగదు; కొంచెం ఆగి జీసీ కలెక్ట్‌ను, వెయిట్‌ఫర్‌పెండింగ్‌ఫైనలైజర్స్‌ను పిలిచే ఇంకో బటన్ పెట్టుకోండి. ఈ పరీక్షను విజువల్ స్టూడియోలోంచి కాకుండా, రిలీజ్ బిల్డ్‌ను ఫోల్డరులోంచి నేరుగా తెరిచి, అడ్మినిస్ట్రేటర్ కాని యూజర్ కింద చేయండి. దుకాణంలో నడిచేది అదే స్థితిలో కదా.

కొన్నిటిని మీరు ఎలాగూ పట్టుకోలేరు. ఒక ప్రాపర్టీ తనను తానే పిలుచుకోవడం వల్ల వచ్చే స్టాక్‌ఓవర్‌ఫ్లోను డాట్‌నెట్ 2 నుంచి ఏ క్యాచ్ కూడా పట్టుకోలేదు, ప్రోగ్రాం నేరుగా పోతుంది. టాస్క్ మేనేజర్‌లోంచి ముగిస్తే కూడా అంతే. లాగ్ ఫైలు ఖాళీగా ఉండి ప్రోగ్రాం మాత్రం పోయిందంటే, విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్ భాగంలో డాట్‌నెట్ రన్‌టైమ్ పేరున 1026, అప్లికేషన్ ఎర్రర్ పేరున 1000 సంఖ్య గల నమోదులు ఉన్నాయేమో చూడండి. మీ హ్యాండ్లర్‌కు అందని మాట తరచుగా అక్కడ ఉంటుంది.

ఆఖరున కాటా తీగను తూకం మధ్యలో పీకండి. యూఎస్‌బీ కన్వర్టరు ఉంటే కంప్యూటరు వైపు నుంచి ఒకసారి, కాటా వైపు నుంచి ఒకసారి పీకాలి, రెండింటి తీరూ వేరువేరుగా ఉంటుంది. తరువాత తీగ పెట్టి, ప్రోగ్రాం మళ్లీ తెరిచి, జాబితాలోని టిక్కీలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. పీకకముందు తెర మీద ఎన్ని ఉన్నాయో ఇప్పుడూ అన్నే ఉండాలి, చివరి టిక్కీ బరువు గ్రాముతో సహా అదే ఉండాలి, లాగ్‌లో ఆ నిమిషానికి ఎదురుగా పోర్టు పేరుతో ఒక నమోదు ఉండాలి. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా దుకాణానికి పంపకండి. ద్వారాల కాగితం మళ్లీ తీసి, కాటా అన్న వరుస దగ్గర నుంచి చూసుకోండి.